పీడీఎఫ్ కథ: ప్రింటర్ కోసం పుట్టి మన ఫోన్ల దాకా



నోటిఫికేషన్ అయినా, హాల్ టికెట్ అయినా, జీవో అయినా మన చేతికి వచ్చేది పీడీఎఫ్ గానే. 1/70 చట్టం కూడా మనలో చాలామంది అట్లనే చదివినం. ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే, దీంతో ఏ పని అవుతుందో, ఏది కాదో కూడా తెలుస్తుంది.

అమెరికాలో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అని ఇద్దరు జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో పనిచేసేవారు. పేజీ ఎలా ఉండాలో ప్రింటర్‌కి చెప్పే భాష ఒకటి అక్కడ తయారైంది. కంపెనీ దాన్ని బజారుకు తేలేదు. ఇద్దరూ బయటికొచ్చి 1982లో అడోబ్ పెట్టారు. 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే భాష తెచ్చారు. 1985లో ఆపిల్ లేజర్ ప్రింటర్ దాన్నే వాడింది.

ప్రింటర్ సమస్య తీరింది గానీ, ఒక కంప్యూటర్‌లో చేసిన పేజీ ఇంకో దాంట్లో తెరిస్తే ఫాంట్ ఉండేది కాదు, లైన్లు చెదిరిపోయేవి. ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించే ఫైల్ కావాలని వార్నాక్ మొదలుపెట్టిన పనికి కేమెలాట్ అని పేరు. అదే 1993లో పీడీఎఫ్‌గా బయటికొచ్చింది. మొదట్లో చదివే సాఫ్ట్‌వేర్ కూడా డబ్బు పెట్టి కొనాలి. అందుకే పెద్దగా ఎవరూ వాడలేదు. దాన్ని ఉచితంగా ఇచ్చాకే ఊపందుకుంది. 2008లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. అప్పటి నుంచి దాని నియమాలు ఒక్క కంపెనీ చేతిలో లేవు.

ఇప్పుడు లోపల ఏముంటుందో చూద్దాం. పేజీలో ఫలానా చోట ఫలానా అక్షరం గీయి, ఫలానా చోట బొమ్మ పెట్టు అనే సూచనలు ఉంటాయి. ఫాంట్ కూడా ఫైల్‌లోనే పెట్టొచ్చు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మామూలుగా ఫైల్ చివర్లో ఉంటుంది. సిగ్నల్ పోయి సగమే దిగిన ఫైల్ చాలాసార్లు తెరుచుకోకపోవడానికి కారణం అదే. పేజీ కొలత కూడా మారదు. కాగితం కోసం చేసింది కాబట్టి చిన్న ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనబడతాయి.

తెలుగుకి ఇంకో చిక్కు ఉంది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన పుస్తకం పైకి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. పీడీఎఫ్ చేస్తే చక్కగా కనిపిస్తుంది, కాపీ చేస్తే గజిబిజి వస్తుంది. స్కాన్ చేసిందైతే వట్టి ఫొటోనే. అందులో మీ ఊరి పేరు వెతికినా దొరకదు. అంటే పీడీఎఫ్ రూపాన్ని కాపాడుతుంది, అక్షరాన్ని కాపాడుతుందని హామీ లేదు.

ఈ తేడా మనకు బాగా అర్థమయ్యేది గుంజాల దగ్గర. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపి రాతప్రతులు ఉన్నాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి వాళ్లు వాటిని లోకానికి చూపించారు. ఆ లిపికి యూనికోడ్‌లో చోటు ఇవ్వాలని పంపిన ప్రతిపాదన కూడా పీడీఎఫ్‌లోనే వెళ్లింది. అప్పటికి ఆ అక్షరాలకు కోడ్ లేదు. అయినా ఆ పేజీలో కనబడ్డాయి. 2018 జూన్‌లో యూనికోడ్ 11లో గుంజాల గోండికి చోటు దొరికింది. అప్పటిదాకా చూపించడానికే పనికొచ్చిన అక్షరాలు, అప్పటి నుంచి టైప్ చేసి వెతకగలిగే అక్షరాలయ్యాయి.

కాబట్టి మన పెద్దల పాటలు, కథలు, భూమి పోరాటాల సంగతులు రాసేవాళ్లు యూనికోడ్‌లోనే టైప్ చేయండి. పంపడానికి పీడీఎఫ్ చేయండి, టైప్ చేసిన ఫైల్ కూడా దాచండి. స్కాన్ చేసినప్పుడు ఫైల్‌కి అంకెలు కాకుండా పేరు, సంవత్సరం పెట్టండి. ఇంకో మాట: పీడీఎఫ్‌ని మార్చడం కూడా కుదురుతుంది. ముద్ర కనబడగానే నిజమైన జీవో అనుకోవద్దు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

కాగితంలో ఏం రాసుందో తెలియకుండానే వేలిముద్ర వేసిన తాతలున్నారు మనకు. ఆ కాగితమే ఇప్పుడు మన ఫోన్‌లోకి వచ్చింది. తెరిచి చివరి పేజీ దాకా చదవండి, ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించండి.