సూదిమొనకు చిక్కిన గజ్జి నల్లి

కుక్కలకు గజ్జి పట్టించే నల్లులు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి సార్కోప్టెస్, రెండోది డెమోడెక్స్. రెండూ సాలీడుకు దగ్గరి చుట్టాలే, రెండింటికీ ఎనిమిదేసి కాళ్లు. పోలిక అక్కడితో సరి. ఆడ సార్కోప్టెస్ చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ పోయి అందులో గుడ్లు పెడుతుంది. దాని ఒక తరం పూర్తికావడానికి పట్టేది సుమారు మూడు వారాలు. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట భాగాల్లో మొదలయ్యే దురద కుక్కను రాత్రింబవళ్లు నిలవనీయదు. ఒక కుక్క నుంచి మరో కుక్కకు ఇట్టే అంటుకుంటుంది, పెంచుకునేవారికీ కొన్నాళ్లపాటు దద్దుర్లు తెప్పిస్తుంది.

డెమోడెక్స్ తీరు వేరు. అది వెంట్రుక కుదుళ్లలో బతుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల ఒంటి మీద కూడా కొద్ది సంఖ్యలో ఉంటుంది. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో, పాలు తాగే వేళ, తల్లి ఒంటి మీద నుంచి కూనలకు చేరుతుంది. రోగనిరోధక శక్తి సరిగ్గా ఉన్నంతకాలం ఏ హానీ చేయదు, అది సన్నగిల్లితే మాత్రం లక్షలుగా పెరిగి బొచ్చు రాల్చి, చర్మాన్ని ఎర్రగా పుండు చేస్తుంది. మొదటిది బయటి నుంచి వచ్చిన అంటు, రెండోది ఒంట్లోని లోపానికి గుర్తు. ఈ తేడా తెలియక శతాబ్దాల పాటు రెండింటికీ ఒకే పూత పూశారు. గజ్జి వైద్యంలో జరిగిన ఆలస్యానికి సగం కారణం అదే.

పూతల చరిత్ర మాత్రం చాలా పాతది. ఒకటో శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా కుక్కల గజ్జికి నువ్వులు నూరి తారులో కలిపి పూయమన్నాడు. అంతకుముందే రోమన్ కవి వర్జిల్ గొర్రెల గజ్జికి గంధకం, తారు చెప్పాడు. తెలుగు పల్లెల్లో కానుగ నూనె, వేప నూనె, గంధకం వాడారు. వీటిలో గంధకానిది నిజమైన శక్తి. సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, తెల్ల బొచ్చును పసుపుపచ్చగా మారుస్తుంది, చేతి వెండి ఉంగరాన్ని నల్లబరుస్తుంది. అయినా నల్లుల్ని చంపుతుంది. మరీ చిన్న కూనలకు పశువైద్యులు ఇప్పటికీ దాన్నే రాసిస్తుంటారు.

మనుషుల గజ్జికి మూలం చెడు రక్తమనీ, శరీరంలోని దోషాలనీ వైద్యులు నమ్మిన కాలంలో ఇటలీలోని లివోర్నో రేవులో ఒక దృశ్యం అందరి కళ్లెదుటే జరుగుతుండేది. పేద తల్లులు గజ్జి పట్టిన పిల్లల చేతుల మీద నుంచి సూదిమొనతో ఏదో తీసి పారేసేవారు. బందీఖానాలోని బానిసలూ ఒకరికొకరు అలాగే తీసుకునేవారు. జొవాన్నీ కోసిమో బొనోమో అనే యువ వైద్యుడు, దియాచింతో చెస్తోనీ అనే ఔషధ వ్యాపారి ఆ సూదిమొన మీది చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. తాబేలు ఆకారంలో, ఆరు కాళ్లున్నాయో ఎనిమిదున్నాయో ఇట్టే తేలనంత చిన్న ప్రాణి కదిలింది. వారు చూస్తుండగానే గుడ్డు పెట్టింది. 1687లో బొనోమో ఈ సంగతులన్నీ శాస్త్రవేత్త ఫ్రాన్సెస్కో రెడీకి లేఖగా రాశాడు. గజ్జికి కారణం ఈ పురుగేననీ, బట్టల ద్వారా కూడా పాకుతుందనీ, కడుపులోకి మందులు మింగించడం వృథా అనీ, పైపూతే వైద్యమనీ తేల్చాడు. కంటికి ఆనని జీవి వల్ల ఒక రోగం వస్తుందని కళ్లారా చూసి చెప్పిన తొలి రుజువుల్లో ఇదొకటి.

పోప్ ఆస్థాన వైద్యుడు లాన్సీసీ దీన్ని ఒప్పుకోలేదు. విషయం మరుగున పడింది. నూటయాభై ఏళ్లు వృథాగా పోయాయి. 1834లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో కోర్సికా ద్వీపం నుంచి వచ్చిన రెనూచీ అనే వైద్య విద్యార్థి అందరి ముందూ సూదితో నల్లిని తీసి చూపించాడు. గొప్ప వైద్యులు నీటిపొక్కులో వెతికి భంగపడ్డారు. రెనూచీ మాత్రం సొరంగం చివర వెతికాడు. ఆ కిటుకు అతను నేర్చుకున్నది తన ఊరి పల్లెపడుచుల దగ్గర. శాస్త్రం ఆ స్త్రీలకు పడిన బాకీ చిన్నది కాదు.

డెమోడెక్స్ ఆనవాలు ఆ తర్వాత త్వరగానే దొరికింది. 1841లో హెన్లే, 1842లో గుస్తావ్ సైమన్ మనిషి చర్మంలో చూశారు. 1843లో రిచర్డ్ ఓవెన్ పేరు పెట్టాడు. కుక్కలో ఉండేదానికి 1859లో లైడిగ్ ప్రత్యేక నామం ఇచ్చాడు. శత్రువు తెలిసినా ఆయుధం దొరకలేదు. కిరసనాయిలు మొదలుకొని బీహెచ్‌సీ అనే పురుగుమందు దాకా నల్లిని చంపేదల్లా కుక్కనూ దెబ్బతీసేది. ఒళ్లంతా పాకిన డెమోడెక్స్ గజ్జికైతే ఎన్నో కుక్కలకు చావు సూదే చివరి వైద్యమయ్యేది.

ఇదే కాలంలో మనిషి సార్కోప్టెస్ నల్లిని ఆయుధంగానూ వాడాడు. తోడేళ్ల బెడద తీర్చుకోవడానికి అమెరికాలోని మోంటానా రాష్ట్రం 1905లో ఒక చట్టం చేసింది. పట్టుకున్న తోడేళ్లకు, కొయోటీలకు ప్రభుత్వ పశువైద్యుడే గజ్జి అంటించి అడవిలో వదలాలి. తోడేళ్లు తుడిచిపెట్టుకుపోయాయి, నల్లి మాత్రం ఆ ప్రాంతపు మృగాల్లో ఉండిపోయింది. 1995లో ఎల్లోస్టోన్ జాతీయ వనంలో తోడేళ్లను మళ్లీ తెచ్చి వదిలారు. 2007 నాటికి వాటికీ గజ్జి సోకింది. బొచ్చు ఊడిన తోడేలు అక్కడి మంచుకాలాన్ని తట్టుకోవడం కష్టం. వైద్యం చేయాల్సిన చేతులతో రోగం అంటించిన ఆ చట్టం క్రూరమైన తప్పు.

డెమోడెక్స్ కుక్కలకు మొదటి గట్టి ఆశ అమిట్రాజ్. అమెరికా దీన్ని 1982లో అనుమతించింది. బొచ్చు కత్తిరించి, స్నానం చేయించి, మందు నీళ్లతో ఒళ్లంతా తడిపి, కడగకుండా ఆరనివ్వాలి. ఇలా రెండేసి వారాలకోసారి. మత్తు, గుండె వేగం తగ్గడం వంటి ఇబ్బందులున్నా వేల ప్రాణాలు నిలిచాయి.

అసలు మలుపు జపాన్ మట్టిలో దొరికింది. శాస్త్రవేత్త సతోషి ఒమురా ఇటో పట్టణ సమీపంలోని గోల్ఫ్ మైదానం దగ్గర సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవిని అమెరికాలోని మెర్క్ ప్రయోగశాలకు పంపాడు. అక్కడ విలియం కాంప్‌బెల్ బృందం దాని నుంచి ఐవర్‌మెక్టిన్‌ను రాబట్టింది. 1981లో పశువుల మందుగా బజారుకొచ్చింది. 2015లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మన వీధికుక్కల గజ్జికి చాలాకాలంగా ఆదుకున్నది ఈ మందే.

అయితే కోలీ జాతి కుక్కలు కొన్ని ఈ మందుతో తూలిపోయి, స్పృహ తప్పి చనిపోయాయి. కారణం 2001లో తేలింది. మెదడులోకి చేరే మందును బయటికి తోసే ప్రొటీన్‌ను తయారుచేసే ఎండీఆర్1 జన్యువులో నాలుగు అక్షరాల ముక్క వాటికి లేదు. గుండెపురుగు రాకుండా ఇచ్చే మోతాదు కిలో బరువుకు 6 మైక్రోగ్రాములే, దాన్ని అవీ తట్టుకుంటాయి. డెమోడెక్స్‌కు వాడేది 300 నుంచి 600 మైక్రోగ్రాములు, అదీ రోజూ. ఈ యాభై నుంచి వందరెట్ల దూరం తెలియకుండా పశువుల ఇంజెక్షన్‌ను అంచనాగా సూదిలోకి ఎక్కించడం ఏ కుక్కకైనా ప్రమాదమే.

2013 నుంచి వచ్చిన ఐసాక్సజోలిన్ మాత్రలు, అంటే అఫాక్సోలానెర్, ఫ్లూరలానెర్, సరోలానెర్ వంటివి, పేలు, పిడుదుల కోసం తయారైనవి. అవి నల్లుల నరాల్లోని క్లోరైడ్ ద్వారాలను మూసి వాటిని చంపుతాయి. డెమోడెక్స్ మీద కూడా అద్భుతంగా పనిచేస్తాయని 2015 నుంచి అధ్యయనాలు చూపాయి. నెలకొకటి, కొన్నయితే మూడు నెలలకొకటి మింగిస్తే చాలు. మూర్ఛ వ్యాధి ఉన్న కుక్కల విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది.

మందు ఏదైనా ముందు చర్మం గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శిని కింద చూడాలి. డెమోడెక్స్ అయితే కుదుళ్లు పిండి, రక్తం చెమ్మ కనిపించేదాకా గీకితే సులువుగా దొరుకుతుంది. సార్కోప్టెస్ తరచూ తప్పించుకుంటుంది కాబట్టి దొరకలేదంటే లేదని కాదు. చెవి అంచును వేళ్లతో రుద్దగానే కుక్క వెనక కాలు గోక్కోబోతే అనుమానం బలపడుతుంది, అప్పుడు మందు వేసి చూడటమే పరీక్ష. దురద తగ్గాలని స్టెరాయిడ్ ఇస్తే డెమోడెక్స్ విజృంభిస్తుంది. ఒళ్లంతా డెమోడెక్స్ వచ్చిన కుక్కను ఈనించకూడదు, ఆ లోపం పిల్లలకు దిగుతుంది.

వీధిలో బొచ్చూడిన కుక్క కనిపిస్తే కాలిన ఇంజిన్ ఆయిల్ పోసేవాళ్లు ఇంకా ఉన్నారు. కుక్క దాన్ని నాకుతుంది, చర్మం కాలుతుంది, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నూనె డబ్బా పక్కనపెట్టి దగ్గరలోని పశువైద్యశాలకు కబురు చేయండి. గజ్జి ఇప్పుడు నయమయ్యే జబ్బు.