చెరువు నీటి పంపకం: చిక్కబళ్ళాపురం సీమలో దామాషా న్యాయం

నంది కొండల చుట్టుపట్ల ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని వంటి నదులు పుట్టినా, పుట్టిన సీమలో అవి ఏడాది పొడవునా పారవు. అందువల్ల 2007లో కోలారు నుంచి విడివడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా తెలుగు పల్లెలు ఎక్కువగా ఉన్న బాగేపల్లి, చింతామణి తాలూకాలలో, సేద్యం శతాబ్దాలపాటు చెరువులనే నమ్ముకొని సాగింది. మైసూరు రాజ్యంలో కొత్త చెరువుకు చోటు దొరకడమే కష్టమని చీఫ్ ఇంజనీరు శాంకీ 1866లో రాశాడంటే, ఒకదాని అలుగు నీరు మరొకదానిలోకి చేరే ఆ గొలుసుకట్టు ఎంత దట్టంగా ఉండేదో ఊహించవచ్చు. వాన తక్కువైన ఏట ఉన్న నీరు ఎవరికి, ఏ లెక్కన చెందాలన్న ప్రశ్నకు ఈ సీమ చరిత్రలో వేర్వేరు జవాబులు కనిపిస్తాయి.

ఊరిలోపలి జవాబు దామాషా. చెరువు నిండని ఏడు ఆయకట్టును, అంటే ఆ చెరువు కింద తడిసే భూమిని, మొత్తం సాగుచేయక, తూముకు దగ్గరి భాగంలో నీరు సరిపోయినంత మేరకే పైరు పెట్టి, ఆ భాగాన్ని రైతులందరికీ వారి వారి భూమి నిష్పత్తిలో ఆ పంటకాలానికి పంచేవారు. సగం ఆయకట్టుకే నీరుంటే రెండెకరాల రైతుకు ఎకరం, అరెకరం రైతుకు పాతిక సెంట్లు దక్కేవి. తూము పక్కన పొలమున్నవాడు అందులో కొంత చివరి మడివాడికి ఆ కారుకు వదులుకోవలసి వచ్చేది. స్పెయిన్‌లోని వలెన్సియా కాలువల కింద కూడా కరువు రోజులలో నీటిని దామాషాగానే తగ్గించే ఆచారం ఉంది కాబట్టి, నష్టాన్ని అందరూ సమంగా మోయాలన్న ఈ ఆలోచన ఒక్క సీమకే పరిమితమైనది కాదు.

ఈ లెక్కను అమలుచేసే బాధ్యత నీరుగంటిది. గ్రామసేవకులైన ఆయగాళ్ళలో ఒకడైన ఇతడు, చెరువులో రెండు రాతి స్తంభాల మధ్య నిలిపిన కర్రను ఎత్తి తూము తెరిచి, మడి తరువాత మడికి నీరు కట్టేవాడు. రైతులు తమంతట తాము తూము ముట్టకూడదన్నది కట్టుబాటు. కూలిగా అతనికి కళ్లంలో పంట రాశి నుంచి మేర, అంటే ధాన్యంలో నిర్ణీత భాగం, దక్కేది. చెరువు కట్టినవారికీ, మరమ్మతు చేసినవారికీ దశబంధం పేరుతో ఇచ్చిన మాన్యాలు కూడా శ్రమకూ పెట్టుబడికీ తగిన ఫలం ఉండాలన్న మరో సూత్రాన్ని పాటించాయి. అయితే దామాషాకు కొలత భూమే గనుక భూమిలేనివారికి నీటిలో వాటా లేదు. ఎక్కువగా దళిత కుటుంబాలకు చెందిన నీరుగంట్లు అందరి మడులకూ న్యాయంగా నీరు పంచినా, ఆ పంపకంలో వారు వాటాదారులు కాలేదు.

ఊరి పొలిమేర దాటితే సూత్రమే మారింది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం చిత్రావతి, పాపఘ్ని, ఉత్తర పినాకిని సహా 15 ప్రధాన నదులపై మద్రాసు ముందస్తు సమ్మతి లేనిదే మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదని నిర్ణయించి, దిగువన అప్పటికే ఏర్పడిన వాడుక హక్కుకు రక్షణ కల్పించింది. బాగేపల్లి దగ్గర పరగోడు వద్ద చిత్రావతిపై కర్ణాటక తలపెట్టిన ఆనకట్టకు 2003 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ నుంచి వ్యతిరేకత వచ్చినప్పుడు, ఎగువవారి అవసరానికీ దిగువవారి పాత వాడుకకూ మధ్య అదే తగవు మళ్ళీ తలెత్తింది.

గ్రామోద్యోగాల రద్దుకు 1961లో చేసిన చట్టంతో నీరుగంటి పదవికి అధికారిక గుర్తింపు పోయింది. తరువాతి దశాబ్దాలలో బోరుబావులు వ్యాపించాక నీరు లోతుగా తవ్వగల స్తోమత ఉన్నవారి సొంతమైంది. భూగర్భజలానికి తూమూ లేదు, పంచేవాడూ లేడు. 2002లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం వాడకందారుల సంఘాలను ఏర్పరచినా, కట్టలు బాగుచేసినంత తేలికగా కట్టుబాట్లు తిరిగి రావు. దామాషా అందరికీ అందిన న్యాయం కాదు. అయినా కొరతను బలహీనుడి మీదికి నెట్టకుండా ఆయకట్టు అంతటికీ పంచిన పద్ధతిగా, నేటి బోరుబావుల పోటీ కంటే అది మేలైనదే.