మీల్‌మేకర్, సాస్‌లు: కొనేముందు తెలుసుకోవలసినవి

తెలుగులో మీల్‌మేకర్, మరాఠీలో సోయా వడి. సిరోంచ తాలూకాలోని రేగుంట వంటి సరిహద్దు గ్రామాలలో పేర్లు రెండైనా పదార్థం ఒక్కటే. సోయాబీన్ నుండి నూనె తీసిన పిదప మిగిలిన పిండితో దీనిని తయారుచేస్తారు. 100 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. నానినప్పుడు నీరు పీల్చుకొని బరువు పెరుగుతుంది గనుక, కూరలో ఆ పాలు తగ్గుతుంది. వేడినీటిలో నానబెట్టి, గట్టిగా పిండి వండితే పచ్చివాసన తగ్గుతుంది.

పొట్లంపై పచ్చగుర్తు శాకాహారమని మాత్రమే తెలుపుతుంది. పాలు, తేనె కలిసినవాటికీ అదే గుర్తు. వాటినీ విడిచినవారు పదార్థాల పట్టిక చదవాలి. అట్టి ఆహారానికి 2022 నాటి కేంద్ర నిబంధనలు 'వీగన్' అనే ప్రత్యేక గుర్తును నిర్ణయించాయి. విడిగా తూచి ఇచ్చే సరుకుకు పట్టిక ఉండదు.

సోయా సాస్‌ను సాధారణంగా సోయా, గోధుమ, ఉప్పులతో పులియబెట్టి చేస్తారు. గోధుమ పడనివారు దీనిని గమనించాలి. ఉప్పు ఎక్కువ గనుక రక్తపోటు ఉన్నవారు మితంగా వాడాలి. ఆయిస్టర్ సాస్‌లో ఆల్చిప్పల సారం, ఫిష్ సాస్‌లో చేపలు ఉంటాయి.

మీల్‌మేకర్‌లో విటమిన్ బి12 సహజంగా ఉండదు. మాంసం, గుడ్లు, పాలు పూర్తిగా మానిన కుటుంబాలు, ముఖ్యంగా గర్భిణులు, పిల్లల విషయంలో వైద్యుని సలహాతో ఆ విటమిన్‌ను వేరుగా తీసుకోవాలి.