చిల్లై కలాన్: మంచుతో కాపురం

కశ్మీర్ లోయలో చలికాలాన్ని మూడు విడతలుగా లెక్కపెడతారు. డిసెంబర్ 21న మొదలయ్యే చిల్లై కలాన్ 40 రోజులు. దాని వెనక చిల్లై ఖుర్ద్ 20 రోజులు, ఆఖరున చిల్లై బచ్చా 10 రోజులు. ఈ మూడింటిలో గడ్డుది మొదటిదే. దాల్ సరస్సు అంచులు గడ్డకడతాయి, కుళాయి గొట్టాల్లో నీళ్లు బిగుసుకుపోతాయి, చూరుల నుంచి మంచు ఊచలు వేలాడతాయి. శ్రీనగర్‌లో ఇంతవరకూ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 14.4 డిగ్రీలు. అది 1893 నాటి మాట.

ఇంత బాధపెట్టే ఆ 40 రోజుల్లోనే మంచు దండిగా కురవాలని లోయ జనం కోరుకుంటారు. నైరుతి రుతుపవనాలకు పీర్ పంజాల్ కొండలు అడ్డు. లోయకు ముఖ్యమైన తడి చలికాలంలో, మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మేఘాలతోనే వస్తుంది. చలి ముదిరిన రోజుల్లో పడిన మంచు కొండల మీద గట్టిపడి వేసవిదాకా నిలుస్తుంది. ఫిబ్రవరి దాటాక పడేది వచ్చినంత వేగంగానే కరిగిపోతుంది. జీలం నదికీ, వరి మళ్లకూ, ఊటబుగ్గలకూ వేసవిలో నీళ్లు రావాలంటే ఆ నిల్వే దిక్కు. మన పల్లెల్లో తొలకరి కోసం ఎదురుచూసినట్టే అక్కడ జనవరి మంచు కోసం ఎదురుచూస్తారు.

ఈ మంచులో మనుషులు ఉండగలరా అన్న ప్రశ్నతోనే కశ్మీర్ పురాణ కథ మొదలవుతుంది. సుమారు క్రీ.శ. 6-8వ శతాబ్దాల నాటిదని పండితులు భావించే నీలమత పురాణం ప్రకారం, మొదట్లో మనుషులు లోయలో ఆరు నెలలే ఉండేవారు. ఆశ్వయుజ పౌర్ణమికి నికుంభుడనే పిశాచరాజు తన పరివారంతో తిరిగి వచ్చేవాడు. పంటలు ఇంటికి చేర్చుకుని జనం కొండలు దాటి వెళ్లిపోయేవారు, చైత్రంలో మళ్లీ వచ్చేవారు. ఒక ఏడాది చంద్రదేవుడనే ముసలి బ్రాహ్మణుడు అందరితో వెళ్లలేక ఉండిపోయాడు. పిశాచాల చేతిలో నానా హింసలూ పడి, చివరికి నాగరాజు నీలుడి కొలువు చేరాడు. మనుషులు ఏడాది పొడవునా ఇక్కడే బతికేలా వరమిమ్మని అడిగాడు. కొన్ని వ్రతాలూ పండుగలూ తప్పక చేయాలన్న షరతు మీద నీలుడు ఒప్పుకున్నాడు. పిశాచాలంటే చలే అనుకున్నా, అక్కడ అంతకు ముందున్న జాతులనుకున్నా, కథ చెప్పే మాట ఒకటే: ఈ లోయలో చలికాలం ఉండడం మనిషికి ఊరికే దక్కిన హక్కు కాదు. వెళ్లలేని ఒక వృద్ధుడి వల్ల అది అందరికీ దక్కిందని చెప్పడంలోనే ఆ పురాణం గొప్పతనముంది.

నీలుడు విధించిన ఆచారాల్లో ఒకటి తొలి మంచు పండుగ. తొలి మంచు పడిన రోజున హిమవంతుణ్ణి, హేమంత శిశిర ఋతువులను పూజించాలి. ఉన్ని దుప్పట్లు కప్పుకుని, అప్పుడే పడిన మంచు మీద బంధుమిత్రులతో కూర్చుని, విందు చేసుకుని, పాటలు విని, కొత్త మద్యం తాగాలి. భయపెట్టే ఋతువును వేడుకతో ఎదుర్కోమని శాస్త్రమే చెప్పడం అరుదైన సంగతి. ఆ సరదా పేరు మార్చుకుని ఇప్పటికీ ఉంది. ‘నవ్ షీన్’ (కొత్త మంచు) రోజున ఒకరు కాస్త మంచును పొట్లం కట్టి, అదేమిటో తెలియనివ్వకుండా ఇంకొకరి చేతిలో పెడతారు. పుచ్చుకున్నవారు విందు ఇవ్వాల్సిందే. పౌష అమావాస్య రాత్రి కశ్మీరీ పండితులు యక్షుడి కోసం ఖిచిడీ వండి బయట పెట్టడంలోనూ ఆ పాత ఒప్పందం నీడ కనిపిస్తుంది.

మంచు లోయకు కోటగోడగా కూడా పనికొచ్చింది. గజనీ మహమ్మద్ 1015లో కశ్మీర్ మీదికి వచ్చి, కొండదారిలోని లోహర్ కోటను ముట్టడించాడు. మంచు, చలి ముంచుకొచ్చి వెనుదిరగక తప్పలేదు. తిరుగుదారిలో సైన్యం దారితప్పి చాలామందిని పోగొట్టుకుంది. 1021లో మళ్లీ వచ్చి, మళ్లీ ఉత్త చేతులతో వెళ్లాడు. అతని కాలపు పండితుడు అల్ బెరూనీ లోయలోకి అడుగుపెట్టకుండానే అక్కడి వాతావరణాన్ని చక్కగా రాశాడు: అక్కడ వానకాలం లేదు, మాఘం నుంచి రెండున్నర నెలలు ఎడతెగని మంచు, చైత్రం సగమయ్యాక కొన్నాళ్లు వాన. 1320 ప్రాంతంలో లోయను దోచుకున్న దుల్చా అనే మంగోల్ దండనాయకుడు వేలాది బందీలను తోలుకుంటూ కనుమ దాటబోయి, సైన్యంతో సహా మంచులో నశించాడని స్థానిక చరిత్రలు చెబుతాయి. ఆ బందీలందరూ కశ్మీరీలే. శత్రువును ఆపిన మంచు వాళ్లనూ వదల్లేదు.

వేళ తప్పి పడితే ఈ మంచే కరవు. 12వ శతాబ్దంలో కల్హణుడు రాసిన రాజతరంగిణిలో తుంజీనుడనే రాజు కథ ఉంది. భాద్రపదంలో, వరి పండే వేళ, హఠాత్తుగా మంచు కురిసి పైరంతా దాని కింద పడిపోయింది. ఆకలికి భార్యాబిడ్డల బంధాలు కూడా తెగిపోయాయని కల్హణుడు రాస్తాడు. ఖజానా ఖాళీ అయ్యేదాకా పంచిన రాజు ఇక చావే మేలనుకుంటే, రాణి వాక్పుష్ట వారించింది. రోజూ ఇంటింటా పావురాలు చచ్చిపడగా జనం వాటిని తిని బతికారట. పావురాల మాట ఎలా ఉన్నా, కోతకు ముందు పడే మంచు భయం నేటికీ నిజం. 2018, 2019 నవంబర్ మొదటి వారాల్లో తొందరపడి కురిసిన మంచు, ఇంకా ఆకు రాలని ఆపిల్ చెట్ల మీద పేరుకుంది. బరువుకు కొమ్మలు విరిగాయి, చాలా చోట్ల చెట్లే చీలిపోయాయి.

వెళ్లగలిగినవారు వెళ్లడమనే పాత ఆనవాయితీ మాత్రం ఆగలేదు. మొగలు పాదుషాలకు కశ్మీర్ పూల కాలపు విడిది. 1872లో మహారాజా రణబీర్ సింగ్ చలికాలం రాజధానిని జమ్మూకు మార్చే ‘దర్బార్ మూవ్’ మొదలుపెట్టాడు. దస్త్రాలు మూటకట్టుకుని ప్రభుత్వమే కొండ దిగేది. 2021లో ఆపేసిన ఆ పద్ధతి 2025 నవంబర్‌లో తిరిగి వచ్చింది. శాలువాల వ్యాపారులు మూటలతో దక్షిణాదికి వస్తారు. హైదరాబాద్ నాంపల్లిలో జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్యదాకా సాగే నుమాయిష్‌లో కశ్మీరీ దుకాణాల ముందు శాలువాలు బేరమాడే నగరవాసులకు తట్టకపోవచ్చు గానీ, ఆ రోజులకూ చిల్లై కలాన్‌కూ చాలావరకు సరిపోతుంది. అమ్మేవారి ఇళ్లు అప్పుడు మంచు కింద ఉంటాయి.

ఉండిపోయేవారికి తోడు కాంగ్రీ. చిన్న మట్టి కుండ, దాని చుట్టూ విల్లో పుల్లల అల్లిక, పట్టుకోవడానికి పిడి. శరత్తులో రాలిన చినార్ ఆకులను ఊడ్చి, కుప్పపోసి, కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి ఆడవాళ్లు బొగ్గు చేసుకుంటారు. అడుగున ఆ బొగ్గు పొడి, పైన కణకణలాడే నిప్పులు, వాటిపై పలచగా బూడిద. వేడి తగ్గినప్పుడు కాంగ్రీకి వేలాడే చిన్న గరిటెతో కదిపితే మళ్లీ రాజుకుంటుంది. గంటల తరబడి కాగే ఈ కుంపటిని ఫెరన్ అనే వదులు అంగీ లోపల, పొట్టకు దగ్గరగా పట్టుకుంటారు. ఒక చేయి ఎప్పుడూ లోపలే ఉంటుంది కాబట్టి అంగీ చేయి ఖాళీగా ఊగుతుంటుంది. దారిన నడిచేటప్పుడూ, అంగట్లో కూర్చున్నప్పుడూ అది వదలదు. చరారె షరీఫ్ కాంగ్రీలకు అల్లిక పనితనం వల్ల పేరు.

కాంగ్రీ వెచ్చదనానికి ఖరీదూ ఉంది. 1865లో శ్రీనగర్ వచ్చిన మిషనరీ వైద్యుడు విలియం ఎల్మ్‌స్లీ తన రోగుల తొడల మీదా పొట్ట మీదా ఒకే రకం చర్మ క్యాన్సర్ చూసి, అది ఏళ్ల తరబడి తగిలిన కాంగ్రీ వేడి వల్ల వస్తోందని 1866లో ప్రకటించాడు. చలికాలం యూరోపియన్లు లోయలో ఉండకూడదన్నది ఆనాటి మహారాజా నియమం. ఏటా శరత్తు చివర వైద్యశాల మూసి ఆయన వెళ్లాల్సి వచ్చేది. 1872లో అలా పీర్ పంజాల్ దాటుతూ నీరసించి, కొండ దిగాక పంజాబ్‌లోని గుజరాత్ పట్టణంలో కన్నుమూశాడు. కాంగ్రీ కాక, కలిగిన ఇళ్లలో, మసీదుల్లో హమామ్ ఉంటుంది: రాతి పలకల నేల కింద కట్టెలు కాల్చి గదంతా వేడెక్కించే ఏర్పాటు. కశ్మీర్‌లో చలికాలపు కబుర్లు అక్కడే సాగుతాయి.

తిండికి వేసవిలోనే జాగ్రత్తపడతారు. దారులు మూసుకుంటే కూరగాయలు రావు. అందుకే వంకాయలు చీల్చి, సొరకాయ, టమాటా ముక్కలు కోసి, టర్నిప్ చక్రాలు దండ గుచ్చి, చేపలతో సహా ఎండబెడతారు. ఈ వరుగులకు ‘హోఖ్ స్యూన్’ అని పేరు. మంచు రోజుల అసలు సుఖం హరీసా. వేట మాంసం, కాస్త బియ్యం, సోంపు, దాల్చినచెక్క పూడ్చిన కుండలో రాత్రంతా ఉడికించి, ఎముకలు తీసి, ముద్దయ్యేదాకా మెదుపుతారు. శ్రీనగర్ పాతబస్తీ ఆలీ కదల్ అంగళ్లలో తెల్లవారుజామునే పైన సలసల కాగే నూనె పోసి రొట్టెతో ఇస్తారు. పొద్దెక్కేసరికి కుండ ఖాళీ.

కాళ్లకు వరిగడ్డితో అల్లిన పుల్‌హోర్ చెప్పులుండేవి. మంచు మీద జారవు, చవక, పాడైతే ఇంకో జత అల్లుకోవచ్చు. ఇంటి కప్పు మీద భోజపత్రం పొరలు పరిచి, దానిపై మట్టి వేసేవారు. వసంతంలో ఆ మట్టి మీద ఐరిస్, తులిప్ పూసేవి. ఇప్పుడన్నీ వాలు రేకులే. మంచు దానంతట అదే జారిపోతుంది గానీ, కింద నడిచేవారి మీద పడే ప్రమాదం కొత్తగా వచ్చింది.

కొండవాలు ఊళ్లకు హిమపాతం కన్నా హిమసంపాతం భయం ఎక్కువ. 2005 ఫిబ్రవరిలో భారీ మంచు తర్వాత కొండచరియ మంచు విరిగి వాల్టెంగు నార్ గ్రామాన్ని కప్పేసింది. 160 మందికి పైగా చనిపోయారు.

దారి సమస్య 1947 తర్వాత తీవ్రమైంది. అంతవరకూ బారాముల్లా మీదుగా పోయే జీలం లోయ రోడ్డే ముఖ్యమైన దారి. అది తెగిపోయాక, సుమారు 2,800 మీటర్ల ఎత్తున్న బనిహాల్ కనుమే మిగిలింది. మంచు పడితే అదీ మూతే. కనుమ కిందుగా తవ్విన 2.85 కిలోమీటర్ల జవాహర్ సొరంగాన్ని 1956 డిసెంబర్ 22న ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. 2013లో 11 కిలోమీటర్ల పైచిలుకు రైలు సొరంగం, 2021లో ఎనిమిదిన్నర కిలోమీటర్ల కొత్త రోడ్డు సొరంగం వచ్చాయి. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు నడిచింది.

దారి తెరుచుకోవడంతో మంచు చూడడానికి వచ్చేవారు పెరిగారు. సుమారు 2,650 మీటర్ల ఎత్తులోని గుల్మార్గ్‌లో 1927లోనే ఆంగ్ల సైనికాధికారులు స్కీ క్లబ్ పెట్టారు. 1998లో గొండోలా అనే తీగబండి తొలి దశ, 2005లో అఫర్వత్ కొండకు రెండో దశ మొదలయ్యాయి. గైడ్లు, గుర్రాలవాళ్లు, బండి మీద కూర్చోబెట్టి మంచులో లాగేవాళ్లు, హోటళ్లవాళ్లు ఈ కొన్ని నెలల సంపాదనతోనే ఏడాది గడుపుకుంటారు.

ఇప్పుడు బెంగ మంచు గురించి కాదు, మంచు లేకపోవడం గురించి. 2024 జనవరిలో గుల్మార్గ్ పచ్చిక బయలు గోధుమ రంగులో కనిపించింది, పర్యాటకులు వెనుదిరిగారు. 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. అదే ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లాలో మొగలుల తోటకు ప్రాణమైన అచ్ఛబల్ ఊట ఎండిపోయింది. అంతకు ముందు 2018లో నీటిపారుదల శాఖ ఉత్తర కశ్మీర్ రైతులను ఆ ఏడాది వరి వేయవద్దని, తక్కువ నీటి పైర్లు వేసుకోమని హెచ్చరించింది. చాలా మళ్లు ఆపిల్ తోటలుగా మారుతున్నాయి. ఆపిల్‌కు వరి అంత నీరు అక్కర్లేదు గానీ, చలికాలంలో వందల గంటలపాటు 7 డిగ్రీల లోపు చలి తగలాలి. అది చాలకపోతే వసంతంలో పూత సరిగా రాదు.