స్వయంపాకము: రాయచూరు సీమలో బాటసారి పొయ్యి

పరస్థలమునకు పోయిన మనుజునకు మొదట కావలసినది నీడ, పిమ్మట నీరు, ఆ పిమ్మట నిప్పు. నీడను, నీటిని ఇతరులు ఇచ్చినను పుచ్చుకొనవచ్చును గాని, పొయ్యిలోని నిప్పు మాత్రము తనదిగా నుండవలెనని మనవారు చిరకాలమునుండి కోరుచు వచ్చిరి. తన బియ్యమును తన కుండలో తానే వండుకొని తినుటను మనము స్వయంపాక మందుము. ఈ మాటకు మన భాషలో మరియొక అర్థము కూడ కలదు. బియ్యము, పప్పు, నేయి, చింతపండు, కూరలు మొదలగు వంట సామగ్రిని ఒకరికి దానము చేయుటను కూడ 'స్వయంపాక మిచ్చుట' అందుము. వండుకొనుటయు, వండుకొనుమని యిచ్చుటయు ఒకే మాటలో ఇమిడియున్నవి. ఈ రెండర్థములకు గల సంబంధమును రాయచూరు సీమ చరిత్రమునుండి కొంత విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ విచారణకు ప్రేరణ నాకు గ్రంథములనుండి కలిగినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా బంధువొకరు రాయచూరులో వైద్యము పొందుచుండగా, తోడుగా మూడు వారములు ఆ నగరమున నుండవలసి వచ్చినది. రోగికి ఉప్పులేని గంజి, మెత్తని అన్నము తప్ప మరేదియు కూడదు. హోటలు భోజనము పనికిరాదు. కావున వంటగదితో కూడిన వసతిని దినమునకింత అని అద్దెకు తీసికొన నిశ్చయించితిమి. రెండు గదులు, గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, ఒక తాళపుచెవి: ఇట్టి వసతులు ఇప్పుడు ప్రతి నగరమునను లభించుచున్నవి. సర్వీసు అపార్టుమెంటు అని వానికి పేరు.

మొదట చూచిన ఇంటిలో అన్నియు కుదిరినవి. అద్దె కూడ ఒప్పుకొంటిమి. తాళపుచెవిని చేతిలో పెట్టబోవుచు ఇంటి యజమాని, "మీరేమిటివారు?" అని అడిగెను. మేము చెప్పిన సమాధానము ఆయనకు రుచింపలేదు. తాళపుచెవి తిరిగి ఆయన జేబులోనికి పోయినది. తమ చుట్టములు ఆ రాత్రికే వచ్చుచున్నట్లు ఆయనకు అప్పటికప్పుడు జ్ఞాపకము వచ్చినది. రెండవ ఇంటిలో ఒక కన్నడపు పెద్దమ్మ గుమ్మమునొద్ద నిలిచి, వచ్చిన తెలుగులో, "ఎంతమంది ఉంటారు బాబూ? రోగికి పాలెన్ని పోయించమంటారు?" అని మాత్రమే అడిగెను. ఈ రెండు ప్రశ్నలను వెంటబెట్టుకొనియే నేను చరిత్రవైపు చూచితిని. బాటసారుల వసతి చరిత్రము యావత్తును ఈ రెండు ప్రశ్నల నడుమ నడచినదని నాకు తోచినది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది పూర్వకాలమునుండి దారులు కలిసెడి తావు. రాజ్యములు ఈ నేలకొరకు పోరాడిన కథలు మనకు సుపరిచితములే. దండులు నడచిన దారులనే యాత్రికులును, వర్తకులును నడచిరి. ఇచ్చట కన్నడము, తెలుగు, ఉర్దూ ఒకే అంగడిలో వినవచ్చును. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేది వరకు రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. గద్వాల, ఆలంపురము తాలూకాలు కూడ అప్పుడు ఇందులోనివే. రాష్ట్రముల పునర్విభజనలో రాయచూరు మైసూరు రాష్ట్రమునకు, ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు చేరినవి. సరిహద్దు మారినను నదిని దాటెడి బాటసారి మారలేదు.

ఈ జిల్లాలోని మస్కిలో 1915వ సంవత్సరమున అశోకుని శిలాశాసన మొకటి బయల్పడినది. దేవానాంప్రియుడను బిరుదుతోబాటు అశోకుడను పేరు కూడ దానిలో నుండుటచేత, ఆ బిరుదు ఎవరిదను సంశయము తీరినది. ఆ చక్రవర్తియే తన ఏడవ స్తంభశాసనమున బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు పెంచితిననియు, బావులు త్రవ్వించితిననియు, విశ్రాంతి తావులను, చలివేంద్రములను ఏర్పరచితిననియు చెప్పుకొనియున్నాడు. మనుష్యులకే గాక పశువులకు కూడ అవి ఉపయోగపడవలెనని ఆతని తలంపు. నీడ, నీరు, విశ్రాంతి అను మూడింటిని రాజు బాటసారికి ఋణపడియున్నాడని ఇరువదిరెండు శతాబ్దములకు పైబడిన కాలము క్రిందటనే ఒక రాజు ఒప్పుకొనెను. ఆతని పేరును నిలిపిన రాతికి ఈ జిల్లాయే నెలవగుట మనకు గర్వకారణము.

కాకతీయుల కాలమునకు వత్తము. రాయచూరు కోటగోడలో సుమారు 41 అడుగుల పొడవుగల ఒకే బండపై తెలుగు శాసనము కలదు. 1294వ సంవత్సరమున, ప్రతాపరుద్రుని కాలమున, గోన గన్నారెడ్డి పక్షమున విఠలనాథుడు ఈ కోటను కట్టించిన వృత్తాంతమును అది తెలుపుచున్నది. అంతటి బండను బండిపైకెత్తి లాగుకొని వచ్చుచున్న దృశ్యమును కూడ అచ్చటి గోడపై చెక్కిరి. శాసనము రాజులను, సేనానులను పేర్కొన్నది. బండి లాగించినవారు ఏ చెట్టుక్రింద మూడు రాళ్లు పెట్టి సంకటి వండుకొనిరో దానికి పట్టలేదు. అయినను ఆ మూడు రాళ్లు లేక ఈ ఒక్క రాయి కోటకు చేరియుండదు.

ఆ కాలమున మన బాటసారికి మూడు మార్గము లుండెను. మొదటిది అన్నసత్రము, వండిన అన్నమును ధర్మముగా పెట్టెడి చోటు. రెండవది పూటకూళ్ల ఇల్లు. పైకమిచ్చి భోజనము చేసెడి చోటు. ఓరుగల్లు నగరమున ఒక రూకకు దొరకెడి పూటకూటి భోజనమును క్రీడాభిరామము వర్ణించుచున్నది. కన్యాశుల్కములోని పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువాడు లేడు గదా! మూడవది స్వయంపాకము. సత్రపు వసారాలోనో, చెరువుగట్టున చెట్టునీడనో దిగి, తానే వండుకొనుట.

ఈ మూడవ మార్గము చూచుటకు పూర్తి స్వాతంత్ర్యమువలె కనబడును. నిదానించి చూచిన అది నిజము కాదు. మజిలీ చేరిన వెంటనే ఒకడు కడవతో బావికి, ఒకడు కట్టెలకు, ఒకడు కోమటి అంగడికి పోవలెను. కుమ్మరివాడు కుండ నియ్యవలెను. విస్తళ్లు కుట్టెడివారు ఆకు లియ్యవలెను. పొరుగింటనుండి నిప్పు తేవలెను. అగ్గిపుల్ల లేని దినములలో నిప్పు నడిగి తెచ్చుకొనుటయే ఊరితో తొలి పరిచయము. ఊరు చేయి చాపిననే బాటసారి పొయ్యి వెలుగును. తానే వండుకొంటినని చెప్పుకొనువాని కుండలో ఊరందరి పాలు కలదు.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర దీనికి మంచి నిదర్శనము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830వ సంవత్సరము మే 18వ తేదిని బయలుదేరి, 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదిని తిరిగి ఇల్లు చేరెను. సుమారు నూరుమంది పరివారముతో ఆయన శ్రీశైలమును సేవించి, రాయచూరు సీమకు తూర్పుగా కృష్ణను దాటి, హైదరాబాదు మీదుగా ఉత్తరమునకు సాగెను. మిత్రునకు వ్రాసిన జాబుల రూపమున నున్న ఆ వృత్తాంతము 1838వ సంవత్సరమున అచ్చయ్యెను. క్షేత్రమాహాత్మ్యముతోబాటు ఏ మజిలీలో దిగుటకు వసతి కలదు, నీళ్లెట్టివి, అంగళ్లలో ఏ సరకులు దొరకును అను విషయములను ఆయన విడువక వ్రాసెను. వెనుక వచ్చువానికి దారి తెలియవలెనను తలంపే ఆ వ్రాతకు మూలము. అదియు ఒక విధమైన స్వయంపాక దానమే.

అయితే ఈ చరిత్రమున మనము కప్పిపుచ్చరాని భాగ మొకటి కలదు. తన పొయ్యి తనకు వేరుగా నుండవలెనను కోరికకు ఆకలి, ఆరోగ్యము మాత్రమే కారణములు కావు. ఒకరు తాకినది మరియొకరు తినరాదను నియమము దానికి బలమైన మూలము. అనేక సత్రములు కొన్ని వర్ణములకే కట్టబడినవి. బావి ఒకరిది, వసారా మరొకరిది, ఎండలోని చెట్టు ఇంకొకరిది. ఏ పొయ్యి ఒకనికి స్వేచ్ఛ అయినదో, ఆ పొయ్యియే మరియొకనికి కంచె అయినది. "మీరేమిటివారు?" అను ప్రశ్న ఆ కంచెకు ద్వారము.

ఇది మన పూర్వుల యందరి మతము కాదని చెప్పుటకు కూడ శాసనాధారము కలదు. రుద్రమదేవి కాలమున, 1261వ సంవత్సరమున వేయబడిన మల్కాపుర శాసనము విశ్వేశ్వర శివాచార్యుల గోళకీ మఠపు ధర్మములను వివరించుచున్నది. అందు విద్యాశాల, ప్రసూతిశాల, వైద్యశాలలతోబాటు అన్నసత్రము కలదు. బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చినవారి కందరికిని అచ్చట ఎల్లవేళల అన్నము పెట్టవలెనని ఏర్పాటు. ఏడు వందల అరువది యేండ్లకు పూర్వమే తెలుగునేలమీద ఈ మాట రాతికెక్కినది. తరువాతి సత్రములు దీనిని మరచుట మన లోపము.

1871వ సంవత్సరమున బొంబాయి వైపునుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలుమార్గమును, మద్రాసు రైలుమార్గమును రాయచూరున కలిసికొన్నవి. నాటితో పది దినముల మజిలీలు ఒక రాత్రి ప్రయాణమునకు కుదించుకొనిపోయెను. ఒకే పెట్టెలో పలువురు కూర్చుండవలసి వచ్చినది. దారిలో పొయ్యికి తావు లేకపోయినది. ఆవిరియంత్రము చేయగలిగినంత అది చేసినది. మిగిలినది చట్టము చేయవలసివచ్చెను. 1955వ సంవత్సరపు అస్పృశ్యతా నేరముల చట్టము, ధర్మశాలలలోను, సరాయిలలోను, ముసాఫరుఖానాలలోను ప్రజల వాడుకకై ఉంచిన పాత్రలను వాడుకొననీయక అస్పృశ్యత పేరిట అడ్డగించుటను నేరముగా నిర్ణయించెను. 1976లో దీనికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. ఒక దేశపు చట్టము గిన్నెలను గూర్చి కూడ మాటలాడవలసి వచ్చినదనగా, గాయ మెంత లోతైనదో మనము గ్రహింపవచ్చును.

ఇంతలో ఈ సీమకు మరియొక తెలుగు ప్రవాహము వచ్చినది. 1953వ సంవత్సరమున తుంగభద్ర ఆనకట్టనుండి నీరు వదలబడిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద సాగు చేయుటకై కృష్ణా గోదావరీ మండలములనుండి, గుంటూరు సీమనుండి రైతులు తరలివచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతములలో భూములు కొని స్థిరపడిరి. వారి పల్లెలను నేటికిని 'క్యాంపు' అనియే పిలుతురు. క్యాంపు అనగా మజిలీ. తాత్కాలికముగా వేసిన గుడిసె, దాని ముందు మూడు రాళ్ల పొయ్యి, అదియే ఊరయ్యెను. జొన్నరొట్టె తినెడి నేలమీద వరి అన్నము ఉడికినది. ఇరుగుపొరుగులు ఒకరి వంట నొకరు నేర్చుకొనిరి. బాటసారి పొయ్యి ఇంటి పొయ్యిగా మారిన కథ ఇంత స్పష్టముగా మరియొకచోట కనబడుట అరుదు.

యాత్రికుల రాకపోకలు నేటికిని తగ్గలేదు. పిఠాపురమున జన్మించిన శ్రీపాద శ్రీవల్లభులు వెలసిన కురువపురము కృష్ణానది నడుమనున్న దీవి. అది ఈ జిల్లాలోనిదే. హరిగోలులో నదిని దాటి పోయెడి వారిలో తెలుగువారు మెండు. 1671వ సంవత్సరమున రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశము చేసిన మంత్రాలయము తుంగభద్రకు ఆవలి గట్టున, కర్నూలు జిల్లాలో నున్నను, రాయచూరు మీదుగా దానికి పోవువారు అనేకులు. వీరితోబాటు చదువుకొరకు, వైద్యము కొరకు, శక్తినగరపు విద్యుత్కేంద్రములో పనికొరకు వచ్చువారును కలరు. వీరందరికి కావలసినది విలాసము కాదు. తలదాచుకొన ఒక గది, ఒక కుళాయి, ఒక పొయ్యి.

మేము దిగిన ఇంటి వంటగదిలో ఒక చిన్న అలమర యుండెను. తెరచి చూడగా సగము సీసా నూనె, కొంచెము కందిపప్పు, ఉప్పు, ఒక అగ్గిపెట్టె కనబడినవి. మాకు ముందున్నవారు మరచిపోయిరి కాబోలునని పెద్దమ్మకు చెప్పితిమి. ఆమె నవ్వి, "మరచిపోలేదు బాబూ, మీకోసమే వదిలిపెట్టినారు. మీరు పోయేటప్పుడు మీకు తోచింది మీరూ పెట్టిపోండి" అనెను. ఆ రాత్రి ఆలస్యమై అంగళ్లు మూసియుండగా, పేరెరుగని వారి పప్పుతో, పెద్దమ్మ ఇచ్చిన బియ్యముతో మా పొయ్యి వెలిగినది. మూడు వారములు గడచి, రోగి తేరుకొని, మేము ఇల్లు చేరునాడు ఆ అలమరలో రెండు సేర్ల సోనామసూరి బియ్యమును, ఒక బెల్లపు అచ్చును ఉంచి తలుపు మూసితిమి.

స్వయంపాకము అను మాటకు గల రెండర్థములును ఆ అలమరలో నాకు ఒకటిగా కనబడినవి. ఎవడును తనంతట తాను మాత్రమే వండుకొని తినలేడు. ముందు పోయినవాడు ఉంచిపోయిన ఉప్పుతోనే వెనుక వచ్చినవాని కుండ రుచించును. వచ్చినవాని పుట్టుక నడుగుట ఈ ఋణమును ఎగవేయుటయే యగును.

పరస్థలములయందలి మన తెలుగు సంఘములు ఉత్సవములు చేయుచున్నవి, సంచికలు ప్రకటించుచున్నవి. ఇవి యుక్తములే. ఆసుపత్రులున్న ప్రతి నగరమునను రోగి తోడివారికొరకు పొయ్యితో కూడిన నాలుగు గదులను కూడ అవి ఏర్పరచినయెడల, అశోకుని బావికిని, గోళకీ మఠపు సత్రమునకును మనము నిజమైన వారసులమగుదుము. ఆ గదుల గుమ్మమున అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఎంతమంది ఉంటారు బాబూ?"