గొర్రె గర్భంలో వడపోత: పశ్చిమ సిడ్నీ పరిశోధనలు

పొట్టేలు ఒక్కసారి దాటితే ఆడగొర్రె యోనిలో పడే వీర్యకణాలు వందల కోట్లు. అండవాహికకు చేరేవి మహా అయితే కొన్ని వేలు. ఈ వడపోతలో ఆడ శరీరపు ద్రవాల పాత్రను తేల్చడంలో సిడ్నీకి, ముఖ్యంగా నగరం పడమటి వైపుకు, పెద్ద వాటా ఉంది.

ఆ వైపున్న వెస్ట్‌మీడ్ ఇప్పుడు 1978లో తెరిచిన పెద్దాసుపత్రితో గుర్తుకొస్తుంది. చుట్టుపక్కల మాత్రం పాత గొర్రెల సీమ. తూర్పున పారమట్టా దగ్గర మెకార్థర్ కుటుంబం 1793లో కట్టిన ఎలిజబెత్ ఫార్మ్ మెరినో ఉన్ని చరిత్రలో తొలి పేర్లలో ఒకటి. పడమట ప్రాస్పెక్ట్‌లో 1950ల్లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ గొర్రెల ప్రయోగశాల వచ్చింది. తర్వాత దానికి ఆ సంస్థ ఛైర్మన్‌గా పనిచేసిన ఇయన్ క్లూనీస్ రాస్ పేరు పెట్టారు.

మొదటి అడుగు పడింది ఎలుకలతో. సిడ్నీలో కాలిన్ ఆస్టిన్ 1951లో గమనించినదేమిటంటే, అండం సిద్ధంగా ఉన్నా అప్పుడే వదిలిన వీర్యకణం దానిలోకి చొరబడలేదు. ఆడ శరీరంలో కొన్ని గంటలు గడిపాకే ఆ శక్తి వస్తుంది. అదే ఏడాది అమెరికాలో ఎం.సి.చాంగ్ కుందేళ్లలో ఇదే చూపాడు. 1952లో ఆస్టిన్ ఈ మార్పుకు కెపాసిటేషన్ అని పేరు పెట్టాడు.

మరి గొర్రెలో ఆ కణాలు అంతసేపూ ఎక్కడుంటాయి? ప్రాస్పెక్ట్‌లో మాట్నర్, బ్రేడెన్ 1960ల్లో గర్భాశయ ముఖద్వారం వైపు దృష్టి పెట్టారు. ఎదలో పశువు వేసే తీగ మన రైతులు రోజూ చూసేదే. ముఖద్వారంలో ఊరే ఆ జిగురులోని పోగుల వెంట వీర్యకణాలు బారులు తీరి, ముఖద్వారపు మడతల్లోకి చేరి నిల్వ ఉంటాయి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా పైకి సాగుతాయి.

జిగురు చెడితే ఏమవుతుందో పశ్చిమ ఆస్ట్రేలియా మందలు అప్పటికే చూపించాయి. సబ్‌క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు చూడి కట్టడం మానేశాయని బెనెట్స్ బృందం 1946లో ప్రకటించింది. ఆ గడ్డిలో ఈస్ట్రోజన్‌లా పనిచేసే పదార్థాలున్నాయి. ఏళ్ల తరబడి మేస్తే ముఖద్వారం శాశ్వతంగా మారి జిగురు పలచబడుతుంది, వీర్యకణాలు నిలవవు. లోపం వీర్యకణాల ప్రయాణంలో ఉందని తేలడానికి 1960ల దాకా పట్టింది.

ఇక అండవాహిక. అందులో ఊరే ద్రవం కొద్దిపాటిది, పట్టుకోవడమే కష్టం. రెస్టాల్ అనే పరిశోధకుడు గొర్రె అండవాహికకు సన్నని గొట్టం అమర్చి ద్రవాన్ని సేకరించాడు. ఎద సమయంలో అది బాగా పెరుగుతుంది. అతడూ, వేల్స్ అనే మరో పరిశోధకుడూ 1966లో దాని రసాయన కూర్పు ప్రచురించారు. అందులోని బైకార్బొనేట్ వీర్యకణాల చలనానికీ కెపాసిటేషన్‌కూ అవసరం. ఈ లెక్కల ఆధారంగానే 1972లో ఇంగ్లండ్‌లో టెర్విట్, విటింగ్‌హామ్, రోసన్ కృత్రిమ అండవాహిక ద్రవం తయారుచేసి, గొర్రె, ఆవు పిండాలను గాజుపాత్రలో పెంచారు. దాని రూపాంతరాలు నేటి పశు ఐవీఎఫ్ ప్రయోగశాలల్లో సాగుతూనే ఉన్నాయి. ఉన్ని కోసం మొదలైన పని ఇంత దూరం వచ్చింది.

మందల యజమానులకు కావలసింది వేరు: మేలుజాతి పొట్టేలు వీర్యాన్ని గడ్డకట్టించి దూరాలకు పంపడం. గడ్డకట్టించిన కణాల పైపొర దెబ్బతింటుంది, ఆయుష్షు తగ్గుతుంది, జిగురును దాటే సత్తా ఉండదు. 1982లో కిలీన్, కాఫెరీ లాపరోస్కోప్‌తో (పొట్టలోపల చూసే సన్నని గొట్టంతో) పొట్టలోంచి నేరుగా గర్భాశయంలోకి వీర్యం వేసే పద్ధతి చూపారు. మెరినో మందల్లో అది వేగంగా వ్యాపించింది. ముఖద్వారం మీదుగా గడ్డకట్టిన వీర్యం వేస్తే ఫలితం నేటికీ తక్కువే.