ప్రశ్న అడగడం తెలిసిన సదస్సు

సదస్సులో పత్రం చదవడానికి సంగ్రహాలు పంపమంటూ వచ్చే సర్క్యులర్‌ను ఎవరూ చరిత్రకు ఆధారంగా చూడరు. ఆఖరు తేదీ, చిరునామా రాసుకొని పక్కన పడేస్తాం. కాని భాషాశాస్త్రంలో ఒక శాఖ పుట్టుకకు అలాంటి కాగితమే నిమిత్తమయింది. ఆ కథ మన విద్యార్థులు తెలుసుకోదగినది.

1928 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో భాషాశాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. నిర్వాహకులు ఎవరికి తోచింది వారు వచ్చి చదవమని ఊరుకోలేదు. కొన్ని ప్రశ్నలు ముందే తయారుచేసి, రాబోయే పండితులకు పంపి, రాతపూర్వకంగా సమాధానాలు కోరారు. అందులో ఒక ప్రశ్న సారాంశం ఇది: ఏ భాష అయినా సరే, దాని ధ్వనుల వ్యవస్థను సమగ్రంగానూ ఆచరణకు వీలుగానూ వివరించడానికి తగిన పద్ధతులేవి?

ఈ ప్రశ్నను కొంచెం విప్పి చూడండి. ఇది ఫలానా భాష గురించి అడగడం లేదు, పద్ధతి గురించి అడుగుతున్నది. సంస్కృతం, గ్రీకు మాత్రమే తెలిసినవాడికి ఎంత చోటు ఉందో, ఎవరూ పట్టించుకోని మాండలికం చదివినవాడికీ అంతే చోటు ఉంది. 'సమగ్రంగా' అన్న మాట వల్ల రెండు మూడు వింత ధ్వనులు చూపి తప్పించుకోవడానికి లేదు. 'ఆచరణకు వీలుగా' అన్న మాట వల్ల గాలిలో మేడలు కట్టడానికీ లేదు. ఒక్క వాక్యంలో ఇన్ని హద్దులు గీశారు.

దీనికి 1927 అక్టోబరులో ప్రాగ్ నుండి సమాధానం వెళ్ళింది. రాసినవాడు అప్పుడే ముప్పై దాటిన రోమన్ యాకొబ్‌సన్. వియన్నాలో ఉన్న త్రుబెత్స్కోయ్, జెనీవాలో ఉన్న కార్త్సెవ్‌స్కీ దానికి సంతకాలు కలిపారు. ముగ్గురూ స్వదేశం విడిచి వచ్చిన రష్యన్లే. వాళ్ళ మాట క్లుప్తం. ఒక భాష ధ్వనులను వర్ణించడమంటే ఉచ్చారణల జాబితా ఇవ్వడం కాదు. ఆ భాషలో అర్థభేదం కలిగించే తేడాలు ఏవో, వాటి మధ్య సంబంధాలు ఏవో చెప్పాలి. ధ్వనుల మార్పును కూడా ఆ వ్యవస్థలో భాగంగానే చూడాలి. మన భాషలో చెప్పుకోవాలంటే, 'పడు-పాడు', 'విడు-వీడు' అన్న జంటలలో తేడా విడివిడి అచ్చులది కాదు, హ్రస్వదీర్ఘ భేదం అనే ఒకే సూత్రం రెండుచోట్లా పనిచేస్తున్నది. 'కూడు-గూడు'లో శ్వాసనాద భేదం అలాంటిదే. ఈ రోజు మొదటి సంవత్సరం విద్యార్థికి చెప్పే పాఠం ఇది. 1928లో ఇది కొత్త సిద్ధాంతం. ప్రాగ్ శాఖ ప్రపంచానికి తెలిసింది ఈ సమాధానంతోనే.

అడిగినవారి వల్లే వర్ణశాస్త్రం పుట్టిందని నేను అనను. ఆ ఆలోచనలు అంతకు ముందు నుంచీ నలుగుతున్నాయి. కాని చెదిరి ఉన్న ఆలోచనలను కొన్ని పేరాలలోకి కుదించమని బలవంతపెట్టింది మాత్రం ఆ ప్రశ్నే.

అదే 1928లో లాహోరులో అఖిల భారత ప్రాచ్య విద్యా సదస్సు ఐదవ సమావేశం జరిగింది. లింగ్విస్టిక్ సొసైటీ ఆఫ్ ఇండియా అక్కడే ఏర్పడింది. ఆ సదస్సు 1919లో పూనాలో మొదలైంది. తొలి అధ్యక్షుడు రామకృష్ణ గోపాల్ భండార్కర్. పత్రాల సంగ్రహాలను అచ్చువేసి పంచే మంచి ఆచారం దానికి ఉంది. సంగ్రహం అనే ప్రక్రియను మన దేశంలో పండితులకు అలవాటు చేసినవాటిలో అదొకటి. అయితే వేదం, ఇరానియన్, సంస్కృత సాహిత్యం, చరిత్ర అని శాఖలు చేసి పిలవడం వేరు, ప్రశ్న వేసి పిలవడం వేరు. మన విశ్వవిద్యాలయ సదస్సులకు మొదటి పద్ధతే సంక్రమించింది. 'భాష - సాహిత్యం - సంస్కృతి' అన్న మూడు మాటలు అట్ట మీద లేని సర్క్యులర్ మీరెప్పుడైనా చూశారా?

ప్రశ్న సరిగా వేస్తే ఏం వస్తుందో మనవాళ్ళూ చూపించారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి నేతృత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం 1962లోనూ, చేనేత పదాలది 1971లోనూ వెలువడ్డాయి. నాగలిలో ఏ భాగాన్ని ఏమంటారు అని ఊరూరా ఒకే రకంగా అడిగితేనే జవాబులు పక్కపక్కన పెట్టడానికి వీలవుతుంది. కాని ఆ సేకరణ అప్పటి ఆంధ్రప్రదేశ్ సరిహద్దుల లోపల జరిగింది. కృష్ణగిరి, బళ్ళారి, గంజాం రైతులను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. బయట ఉన్న మనకు సర్క్యులర్‌లోని మాటలు ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. అడగనిదానికి జవాబు ఉండదు, పుస్తకంలో చోటూ ఉండదు.

నా సొంత సంగతి ఒకటి. 1993లో నేను పరిశోధక విద్యార్థిని. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదువుకున్నవాణ్ణి. ద్రావిడ భాషలకు సంబంధించిన ఏ అంశం మీదనైనా సంగ్రహం పంపవచ్చునని ఒక సదస్సు సర్క్యులర్ వచ్చింది. మా ఊరి తెలుగు క్రియల మీద నాలుగు పుటలు చేత్తో రాసి, తెలుగులోనే పంపాను. జవాబు లేదు. వాళ్ళకు కావలసింది ఇంగ్లీషులో టైపుచేసిన ఒక పుట అని సదస్సు అయిపోయాక తెలిసింది. ఆ మాట సర్క్యులర్‌లో లేదు. అందరికీ తెలిసిందే కదా అన్నారు. ఆ 'అందరిలో' నేను లేను, అంతే.

ఇంత తెలిసినవాణ్ణి, కన్వీనర్‌ను అయినప్పుడు నేను చేసిన పని మెరుగేమీ కాదు. 'సరిహద్దు తెలుగు: భాష, సంస్కృతి' అని పెట్టి, సంగ్రహాలు ఆహ్వానిస్తున్నాం అని రాసి పంపాను. సగానికి పైగా తెలుగు తీయదనాన్ని పొగిడే వ్యాసాలే వచ్చాయి. తప్పు వాళ్ళది కాదు, నేను అడిగిందే అది. బరంపురం నుంచి ఒక విద్యార్థిని ఉత్తరం రాసింది: వాళ్ళ అమ్మమ్మ పాడే తెలుగు పాటలను ఒడియా లిపిలో రాసుకున్న నోటుపుస్తకం ఉందట, దాని మీద రాయవచ్చా, ఉదాహరణలు ఏ లిపిలో ఇవ్వాలి అని. నేను తీరిక చేసుకొని జవాబు రాసేసరికి గడువు దాటిపోయింది.

తరువాతి సారి సర్క్యులర్ రాయడానికి పది రోజులు పట్టింది. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ పంపవచ్చు, ఇంటి తెలుగులో రాసినా దిద్దం, ఉదాహరణలు ఏ లిపిలో ఉన్నా పక్కన తెలుగు లిపి ఉండాలి అని ముందే చెప్పాం. 'సంస్కృతి' తీసేసి ప్రశ్న పెట్టాం: పక్క భాష నుండి మీ తెలుగులోకి వచ్చిన ఒక ప్రత్యయమో వాక్యనిర్మాణమో తీసుకొని, అది ఎక్కడ వాడతారో ఎక్కడ వాడరో విన్న వాక్యాలతో చూపండి. ఎంపిక ఎవరు చేస్తారో, దేన్ని బట్టి చేస్తారో, ఏ తేదీకి జవాబు వస్తుందో, దారి ఖర్చు ఇస్తామో లేదో రాశాం. తిరస్కరిస్తే కారణం రెండు వాక్యాలలో చెబుతామన్నాం. అందరికంటె కష్టమైన హామీ ఇదే. నిలబెట్టుకోవడానికి రాత్రిళ్ళు కూర్చోవలసి వచ్చింది.

ఒక్కదాని మీద మాలో మాకు వాదం జరిగింది. పేరు లేకుండా సంగ్రహం పరిశీలించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాలలో భాషాశాస్త్ర సదస్సులలో బాగా వ్యాపించింది. న్యాయమైన పద్ధతే. కాని మనలాంటి చిన్న సమాజంలో యానాం పదం ఒక్కటి కనపడితే రాసింది ఎవరో పరిశీలకుడికి తెలిసిపోతుంది. ఊరి పేరు కొట్టేస్తే సంగ్రహానికి ప్రాణం పోతుంది. చివరకు పేరు తీసేసి ఊరు ఉంచాం. అది పూర్తి పరిష్కారమని ఇప్పటికీ నేననుకోను.

ఈసారి తక్కువ సంగ్రహాలు వచ్చాయి. వాటిలో చాలావరకు చదవదగినవి. బరంపురం చిరునామాకూ ఒక సర్క్యులర్ పంపాను. ఆ అమ్మాయి చదువు ఆపి ఉద్యోగంలో చేరిందని, నోటుపుస్తకం మాత్రం ఇంట్లోనే ఉందని వాళ్ళ నాన్నగారు కార్డు రాశారు.